రెండు నాటకాల మధ్య నడక

(విశాఖపట్నంలో రంగస్థల కార్యకర్తలు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు నా మాట వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు. అంటే వినబడుతూ అయినా ఉండాలి, నేనేమి అడిగానో కూడా వినబడక అయినా ఉండాలి. సరే, మొదలుపెడతాను.

నన్ను మాట్లాడమన్న విషయం మీకు తెలుసు. ప్రయోగాత్మక నాటకాలకు ఒక అంతర్జాతీయ ఉత్సవం. అదీ ఒక్క హాల్లో కాదు, నగరమంతా. అదీ మన విశాఖలో. దాన్ని నడపడం ఎలా? ఈ మాట ఎత్తగానే మన మిత్రులు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని దేశాల నుంచి వస్తారు?" రెండోది "ఎన్ని హాళ్లు దొరుకుతాయి?" మూడోది "ముఖ్య అతిథి ఎవరు?" నవ్వుతున్నారు గానీ, ఈ మూడో ప్రశ్న అడిగినవాళ్లు ఇక్కడే కూర్చుని ఉన్నారు. నేను ఈ మూడింటినీ కాసేపు పక్కన పెడతాను. నా ప్రశ్న వేరు. సాయంత్రం ఆరున్నరకు ఒక నాటకం చూసిన మనిషి, రాత్రి తొమ్మిదికి ఇంకో నాటకం చూడాలనుకుంటే, అక్కడికి ఎలా చేరతాడు? మధ్యలో ఎక్కడ తింటాడు? ఎవరితో మాట్లాడతాడు? ఆ తర్వాత ఇంటికి ఎలా వెళ్తాడు?

ఇవి చిన్న ప్రశ్నలు కావు. వీటికి జవాబుంటే ఉత్సవం ఉన్నట్టు. జవాబు లేకపోతే, ఒకే వారంలో ఒకే బ్యానరు కింద విడివిడిగా జరిగే పది పన్నెండు కార్యక్రమాలు ఉన్నట్టు. అవి మనకిప్పుడూ ఉన్నాయి. వాటి కోసం ఇంత శ్రమ అక్కర్లేదు.

కాస్త వెనక్కి వెళ్దాం. 1947. మనకు ఆ సంవత్సరం అనగానే గుర్తొచ్చేది ఒకటి. నాటకం వాళ్లకు ఇంకో రెండు గుర్తు రావాలి. ఆ ఏడాదే స్కాట్లాండులో ఎడింబరో అంతర్జాతీయ ఉత్సవం మొదలైంది. యుద్ధం అయిపోయి రెండేళ్లు. బ్రిటన్‌లో ఇంకా తిండికి రేషనే. అలాంటప్పుడు, పెద్ద పెద్ద సంస్థలను పిలిచి సంగీతం, నాటకం పెట్టారు. ఎనిమిది చిన్న బృందాలకు పిలుపు రాలేదు. రాకపోతే ఏం చేశాయి? ఉత్తరాలు రాశాయా? ధర్నా చేశాయా? లేదు. తమకు తామే వచ్చేసి, దొరికిన చోటల్లా చూసుకుని ఆడేశాయి. ఈరోజు ప్రపంచమంతా ఫ్రింజ్ అని పిలుస్తున్నది పుట్టింది అక్కడే. 1958లో వాళ్లంతా కలిసి ఒక సొసైటీ పెట్టుకున్నారు. దాని నియమం చూడండి: ఎవరు ఆడాలో సొసైటీ ఎంపిక చేయదు. స్థలం దొరికించుకున్నవాడు ఆడుకోవచ్చు. అంతే.

అదే ఏడాది ఫ్రాన్సులో అవిన్యోఁ అనే ఊళ్లో జాఁ విలార్ అనే దర్శకుడు పోపుల కోట ముంగిట్లో, ఆకాశం కింద, షేక్‌స్పియర్ ఆడాడు. అప్పటికి ఫ్రాన్సులో నాటకమంటే పారిస్. పారిస్‌లో వెల్వెట్ కుర్చీలు. ఆయన దాన్ని దక్షిణాది ఊరికి, రాతిగోడల మధ్యకు, గాలిలోకి తీసుకొచ్చాడు. అక్కడ కూడా 1966 నుంచి పిలవని బృందాల ఉత్సవం ఒకటి పక్కనే పెరిగింది. ఇప్పుడు జూలై వస్తే ఆ ఊరి వీధి స్తంభాలకు, కిటికీ చువ్వలకు నాటకాల పోస్టర్లు తాడుతో కట్టి వేలాడుతుంటాయి. నటులు వేషాలతోనే వీధుల్లో తిరిగి తమ నాటకానికి రమ్మని జనాన్ని పిలుస్తారు.

ఈ రెండు ఊళ్లూ ఎందుకు నిలబడ్డాయి? గొప్ప దర్శకులు వచ్చారని అంటారు. వచ్చారు. కానీ గొప్ప దర్శకులు వచ్చిన ఉత్సవాలు చాలా మూతపడ్డాయి. నేననుకునే కారణం ఒకటుంది. ఆ రెండు ఊళ్లలోనూ నడవొచ్చు. అవిన్యోఁ పాత ఊరు కోటగోడ లోపల ఉంది, ఆ గోడ చుట్టుకొలత నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. ఒక నాటకం వదిలితే, దాని గురించి పోట్లాడుకుంటూనే రెండో నాటకానికి చేరిపోతారు. ఆ పోట్లాటే ఉత్సవం. నాటకాలు దానికి ముడిసరుకు.

అంత దూరం ఎందుకు, మన పక్కనే చూడండి. త్రిస్సూరులో కేరళ సంగీత నాటక అకాడమీ 2008 నుంచి అంతర్జాతీయ నాటకోత్సవం చేస్తోంది. ప్రధాన వేదికలు అకాడమీ ఆవరణలోనే ఉన్నాయి. ఒకటి పెద్ద హాలు, ఒకటి నటుడు మురళి పేరు పెట్టిన రంగస్థలం, చిన్నవి ఇంకొన్ని. నాటకం వదలగానే జనం ఆవరణలోనే ఉంటారు. టీ తాగుతారు. ఆ నాటకం ఆడిన నటుడు మేకప్పు తుడుచుకుంటూ వచ్చి అదే టీ బల్ల దగ్గర నిలబడతాడు. మనవాళ్లు ఎవరైనా వెళ్లారా? రెండు చేతులు కనిపిస్తున్నాయి. వెళ్లిరండి మిగిలినవాళ్లు కూడా. రాత్రి రైలెక్కితే మర్నాటికి కేరళలో ఉంటారు.

మరి మన పరిస్థితి? గాజువాక నుంచి భీమిలి దాకా దాదాపు నలభై కిలోమీటర్లు. ఆరున్నర నాటకం గాజువాకలోనూ, తొమ్మిది గంటల నాటకం భీమిలిలోనూ పెట్టి, "నగరమంతా ఉత్సవం" అని బోర్డు కడితే, ఆ రెండు నాటకాలూ చూసేవాడు ఒక్కడే. ఆ బోర్డు కట్టిన వ్యాను డ్రైవరు.

కాబట్టి నేను చెప్పేది ఇది. నగరమంతా అంటే నగరంలో అన్ని చోట్లా అని అర్థం చేసుకోకండి. రెండు చుట్లు గీయండి. ఒక్కో చుట్టులో ప్రేక్షకుడు కాలినడకన తిరగగలగాలి. రెండు చుట్ల మధ్య గంట గంటకూ బస్సు ఉండాలి. చాలు.

మొదటి చుట్టు వన్‌టౌన్, అంటే పాత ఊరు. కురుపాం మార్కెట్, విక్టోరియా రాణి విగ్రహం, టౌన్ హాలు, కోటవీధి. అక్కడి నుంచి కాస్త నడిస్తే మూడు కొండలు పక్కపక్కనే. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. కింద ఓడలు పోర్టులోకి వచ్చే కాలువ. ఇలాంటి రంగస్థలం ఎవరైనా కట్టించగలరా? విదేశీ దర్శకుడెవరినైనా అక్కడికి తీసుకెళ్లి అరగంట నిలబెట్టండి చాలు. "హాలు ఎక్కడ?" అని అడగడు. అయితే ఒక షరతు. అది మన సెట్టు కాదు, అక్కడివాళ్ల ఊరు. మార్కెట్లో వ్యాపారం జరుగుతుంది, చర్చిలో ప్రార్థన జరుగుతుంది, దర్గాకు భక్తులు వస్తారు. వాళ్లను అడిగి, వాళ్ల వేళలు తెలుసుకుని, వాళ్లకు మొదటి వరుస ఇచ్చి అప్పుడు మొదలుపెట్టాలి. మార్కెట్లో కొట్టు కట్టేశాక ఆడతామంటే సరే, కొట్టు కట్టించి ఆడతామంటే వాళ్లు తిడతారు. తిట్టాలి కూడా.

రెండో చుట్టు విశ్వవిద్యాలయం, సిరిపురం, బీచ్ రోడ్డు. ఇక్కడ కళాక్షేత్రం ఉంది, చిల్డ్రన్స్ ఎరీనా ఉంది, బీచ్ ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా విశ్వవిద్యాలయం ఉంది. విద్యార్థులూ, మీరు తిరుగుతున్న ఆవరణకు ఒక చరిత్ర ఉంది. రిజిస్ట్రారుగా పనిచేసిన కూర్మా వేణుగోపాలస్వామి గారు అక్కడ ఎక్స్‌పెరిమెంటల్ థియేటర్ అనే పేరుతోనే నాటకశాఖ నడిపించారు. ఓపెన్ ఎయిర్ థియేటర్ కట్టించారు, కళాశాలల మధ్య నాటక పోటీలు పెట్టించారు. "ప్రయోగం మనకెందుకండీ, అది విదేశీ వ్యవహారం" అని ఎవరైనా అంటే ఈ ఒక్క సంగతి చెప్పండి. ఈ ఊళ్లో మన తాతల కాలంలోనే ఆ పేరుతో బోర్డు ఉంది.

మధ్యలో ఒక ఆదివారం భీమిలి. డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌసు, సముద్రం. పొద్దున్నే బస్సుల్లో వెళ్లడం, సాయంత్రానికి రావడం. ప్రయాణం కూడా నాటకంలో భాగమే. బస్సులోనే ఎవరైనా ఏదైనా ఆడొచ్చు.

ఆ మూల ఎవరో తల అడ్డంగా ఊపుతున్నారు. గాజువాక నుంచి వచ్చారా మాస్టారూ? అనుకున్నాను. ఉక్కునగరం, గాజువాక, పెందుర్తి ఏం పాపం చేశాయి అని మీ ప్రశ్న. ఏ పాపమూ చేయలేదు. అక్కడికి ప్రేక్షకులను రమ్మనకండి, నాటకాన్ని పంపండి. వీధినాటకం ఉన్నది అందుకే. బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్ కలకత్తాలో ప్రొసీనియం రంగస్థలం, అంటే ఎదురుగా చట్రంలా కనిపించే తెర వేదిక, వదిలేసి, గదుల్లోకి, కర్జన్ పార్కులోకి వెళ్లిపోయాడు. దీపాలు వద్దు, సెట్లు వద్దు, టికెట్టు వద్దు. మనుషుల మధ్య మనిషి శరీరం చాలు అన్నాడు. మన విశాఖలో అత్తిలి కృష్ణారావు గారు వీధినాటకాన్ని ఎలా నడిపించారో చూసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, వాళ్లను అడగండి. షిఫ్టు దిగే వేళకు ఫ్యాక్టరీ గేటు దగ్గర నలభై నిమిషాల నాటకం. ఆ నటులు రాత్రికి మళ్లీ వన్‌టౌన్ చేరతారు. ప్రేక్షకుడికి నలభై కిలోమీటర్లు కష్టం గానీ, నటుడికి కష్టమా? ఎప్పుడైనా కష్టమన్నాడా?

హాళ్లు లేవు, హాళ్లు లేవు అని ఏడ్చేవాళ్లకు సురభి వాళ్లే జవాబు. 1885 నుంచి హాలును తమతో మోసుకు తిరిగిన కుటుంబాలు అవి. డేరా, తెరలు, తీగలు, పిల్లలు, వంట సామాను, అన్నీ.

ఇంకొక మాట. ఎక్కడ మాట్లాడినా ఎవరో ఒకరు లేచి "కురుసురా జలాంతర్గామిలో నాటకం వేద్దాం" అంటారు. బీచ్ రోడ్డు మీద మ్యూజియంగా పెట్టారే, అదే. ఇదిగో, ఇప్పుడే ఇద్దరు సర్దుకుని కూర్చున్నారు. ఆలోచన బాగుంటుంది. లోపలికి వెళ్లి చూశారు కదా? మనిషి వంగి దూరాల్సిన గుండ్రటి ద్వారాలు, ఇరుకు దారి. అగ్గి పుట్టినా, ఎవరైనా కళ్లు తిరిగి పడినా బయటికి తీసుకురావడం ఎలా? దాన్ని చూస్తూ బయట ఇసుకలో ఆడండి. లోపల వద్దు. ప్రయోగం అన్న పేరుతో ప్రేక్షకుడి ప్రాణం మీదికి తేకూడదు.

ఎప్పుడు చేయాలి?

ఇది తేలిక ప్రశ్న అనుకుంటారు. కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. 2014 అక్టోబరు 12 ఎవరైనా మరిచిపోయారా? హుద్‌హుద్ తర్వాత ఈ ఊళ్లో కరెంటు ఎన్నాళ్లకు వచ్చిందో ఎవరింట్లో వాళ్లకు తెలుసు. ఆ నెలల్లో బీచ్ రోడ్డు మీద ఆరుబయట వేదిక కట్టడం జూదం. సంక్రాంతికి ఊరు ఖాళీ, అందరూ సొంత ఊళ్లకు పోతారు. మార్చి వస్తే ఇంటర్, పదో తరగతి పరీక్షలు. తల్లిదండ్రులు ఇంట్లో టీవీయే కట్టేస్తారు, నాటకానికి ఎవరు వస్తారు? ఏప్రిల్ నుంచి ఉక్కపోత. ఇక మిగిలింది జనవరి ఆఖరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా.

ఇందులో ఒక లాభం కూడా ఉంది. త్రిస్సూరు ఉత్సవం, ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాల 1999 నుంచి చేస్తున్న భారత్ రంగ్ మహోత్సవ్, రెండూ సాధారణంగా ఆ రోజుల్లోనే. వాటికి వచ్చిన విదేశీ బృందాలు అప్పటికే మన దేశంలో ఉంటాయి. ఐరోపా నుంచి విమానం టికెట్లు మనం ఒక్కళ్లమే పెట్టుకోవక్కర్లేదు. అక్కడ ఆడి ఇక్కడికి వస్తారు, ఖర్చు పంచుకుంటాం. దానికి ఏం కావాలి? పోటీ మాని ముందే ఉత్తరాలు రాసుకోవాలి. ముందే అంటే నెల ముందు కాదు. ఏడాది ముందు.

ఫిబ్రవరి మొదట్లో మనకు సూర్యుడు ఆరింటి ప్రాంతాల కుంకుతాడు. కాబట్టి ఆరుబయట ఆరున్నరకు ముందు దీపాలు పనిచేయవు. రాత్రి పదికి మైకులు ఆగాలి. అది 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది, పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్ స్పీకర్లు వద్దు. అంటే మీకు ఆరుబయట ఉన్నది మూడున్నర గంటలు. ఆ తర్వాత ఏం చేస్తారు? ఇళ్లకు పోతారా? ఇక్కడే ప్రయోగం ఉపయోగపడుతుంది. రిమిని ప్రోటోకాల్ అని జర్మనీ బృందం ఒకటుంది. ప్రేక్షకులందరికీ హెడ్‌ఫోన్లు పెట్టి ఊళ్లో నడిపిస్తారు. చెవిలో ఒక గొంతు దారి చెబుతుంది, ఊరే నాటకమవుతుంది. 2005లో వాళ్లే ఇంకోటి చేశారు. కలకత్తా కాల్‌సెంటర్లో కూర్చున్న మనిషి ఫోనులో బెర్లిన్ వీధుల్లో నడిచేవాడికి దారి చెబుతాడు. మైకు లేదు, స్టేజీ లేదు, ఎవరి నిద్రా చెడదు. పది దాటాక కోటవీధిలో ముప్పై మంది హెడ్‌ఫోన్లు పెట్టుకుని నడుస్తుంటే పోలీసులు వచ్చి ఏమిటిది అని అడుగుతారు. వాళ్లకూ ఒక హెడ్‌ఫోను ఇవ్వండి. ఊరికే అనడం లేదు, అనుమతికి వెళ్లినప్పుడే ఇవ్వండి.

నడక ఈ ఊరికి కొత్త కాదు. సింహాచలం గిరిప్రదక్షిణ గుర్తు తెచ్చుకోండి. ఆషాఢ పౌర్ణమికి ముప్పై రెండు కిలోమీటర్లు, రాత్రంతా, లక్షల మంది. దారి పొడవునా మజ్జిగ, నీళ్లు, పులిహోర ఇచ్చేవాళ్లు. మొబైల్ మరుగుదొడ్లు, వైద్య శిబిరాలు, ట్రాఫిక్ మళ్లింపు. ఇదంతా ఈ నగరం ఏటా చేస్తోంది. ఆ పని చేసే అధికారులు, ఆ మజ్జిగ పంచే సంఘాలు, వీళ్లే మన గురువులు. ఎడింబరోకు అధ్యయన యాత్ర తర్వాత వెళ్దాం. ముందు సింహాచలం కొండ దగ్గరి అడవివరం వెళ్లి, పోయినసారి ఎక్కడ ఎన్ని నీళ్ల పీపాలు పెట్టారో అడిగి రాసుకోండి.

కాగితాలు, కరెంటు, చాపలు

ఇప్పుడు కాస్త విసుగు పుట్టించే భాగం. విద్యార్థులు నిద్రపోతే పర్వాలేదు, నిర్వాహకులు మాత్రం మేలుకోండి.

విదేశీ బృందం వస్తే ముందు ఒక పత్రం పంపుతుంది. టెక్ రైడర్ అంటారు. వేదిక వెడల్పు ఇంత, లోతు ఇంత, ఎత్తు ఇంత, ఇన్ని దీపాలు, ఇంత కరెంటు, సెట్టు కట్టడానికి ఇన్ని గంటలు. మనవాళ్లు దాన్ని చదవకుండా "అన్నీ ఉన్నాయి, రండి" అని జవాబు రాస్తారు. వచ్చాక చూస్తే వాళ్లడిగింది చెక్క నేల, మన దగ్గర ఉన్నది సిమెంటు మీద పరిచిన తివాచీ. డాన్సు చేసేవాళ్లకు సిమెంటు నేల మోకాళ్లు పాడుచేస్తుంది, వాళ్లు అలిగి అడగడం లేదు. కరెంటు సంగతీ అంతే. మనకు 230 వోల్టులు, ఐరోపాతో ఇబ్బంది లేదు. అమెరికా నుంచి తెచ్చిన పరికరాలు చాలావరకు 120 వోల్టులవి, నేరుగా పెడితే పొగ. ఇంకా ప్లగ్గుల ఆకారాలు వేరు. కాబట్టి రైడరును హాలు ఎలక్ట్రీషియనుతో కూర్చుని వాక్యం వాక్యం చదవండి. దర్శకుడితో కాదు, ఎలక్ట్రీషియనుతో. లేనిది లేదని రాయండి. లేదని ముందే చెబితే వాళ్లు నాటకాన్ని మార్చుకుంటారు. ప్రయోగం చేసేవాళ్లు కదా, వాళ్లకు అది ఇష్టం కూడా. వచ్చాక తెలిస్తే మాత్రం కొట్లాటే.

బీచ్ దగ్గర ఆడేవాళ్లకు ఇంకో హెచ్చరిక. గాలి. మైకులో సగం గాలే వినబడుతుంది. ఉప్పుగాలికి దీపాల కనెక్షన్లు తుప్పు పడతాయి, ప్రతి రాత్రీ తుడిచి కప్పాలి. పైగా ఇది నౌకాదళం ఊరు. డ్రోను ఎగరేస్తామంటే కుదరదు, అనుమతి లేకుండా ఎవరూ ఎగరేయకూడదు. విదేశీయులు కెమెరాతో ఎక్కడ పడితే అక్కడ తిరగకూడదని ముందే చెప్పి, పక్కన మన మనిషిని పెట్టండి.

వీసాల విషయం ఒక్క ముక్కలో చెబుతాను. టూరిస్టు వీసా మీద వచ్చి టికెట్టు పెట్టి ప్రదర్శన ఇవ్వడం కుదరదు. ఆహ్వాన పత్రం సరిగ్గా రాయండి, తొందరగా రాయండి. సెట్టు సామానుకు ఏటీఏ కార్నెట్ అనే పత్రం ఉంటుంది, వాళ్ల దేశపు వాణిజ్య మండలి ఇస్తుంది. తెచ్చిన సామాను తిరిగి తీసుకుపోతామన్న హామీ అది, సుంకం కట్టక్కర్లేదు. కానీ జాబితాలో ఉన్న ప్రతి వస్తువూ తిరిగి వెళ్లాలి. వెళ్లేరోజు ఆ నటి ప్రేమగా తన వేషం కోటు మీ వాలంటీరుకు బహుమతిగా ఇచ్చిందనుకోండి, కస్టమ్స్‌వాళ్లకు అది ప్రేమ కాదు, దిగుమతి.

డబ్బు. విదేశీ కళాకారుల పారితోషికంలో 20 శాతం, దాని మీద సెస్సు, మనమే పన్నుగా కోసి కట్టాలి. ఒప్పందంలో రాసిన మొత్తం పన్ను కోయక ముందుదా, చేతికి వచ్చేదా అన్నది మొదటి ఉత్తరంలోనే తేల్చుకోండి. ఆ దేశంతో మనకున్న పన్ను ఒప్పందాన్ని బట్టి తేడా ఉండొచ్చు, ఆడిటరును అడగండి. ఇక్కడ మాత్రం నన్ను అడగకండి. నాటకం టికెట్టు మనిషికి 500 రూపాయల లోపు ఉంటే జీఎస్టీ లేదు. మన ఊళ్లో ఎవరూ 500 పెట్టి నాటకం చూడరు కాబట్టి ఆ బాధ లేదు. విదేశీ సంస్థ నేరుగా మన సంఘం ఖాతాలో విరాళం వేయాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద రిజిస్ట్రేషను గానీ ముందస్తు అనుమతి గానీ కావాలి. అది లేనివాళ్లు ఒక దారి చూసుకోవచ్చు. తమ దేశపు కళాకారుల విమాన ఖర్చులను ఆ దేశపు సాంస్కృతిక సంస్థలే నేరుగా భరించేలా మాట్లాడుకోవడం. డబ్బు మన చేతికి రాదు, మనిషి వస్తాడు. మనకు కావలసింది మనిషే కదా?

ఒక లెక్క చెబుతాను వినండి. ప్రయోగాత్మక నాటకాలు చాలావరకు కొద్దిమంది కోసం చేసేవి. గ్రొటోవ్‌స్కీ అనే దర్శకుడు పోలండులో ఎంతమంది చూడాలో తానే లెక్కపెట్టి లోపలికి పంపేవాడు. ముప్పై మందికి ఒక నాటకం, రోజుకు మూడుసార్లు, టికెట్టు 200 అనుకుందాం. హాలు నిండినా రోజుకు వచ్చేది 18,000. అయిదుగురు నటుల గదులు, భోజనాలు, స్థానిక ప్రయాణం, దీపాలవాడి కూలి, ఇవన్నీ దాంట్లోంచి వస్తాయా? రావు. ఎప్పటికీ రావు. ఈ సంగతి డబ్బిచ్చేవాళ్లకు మొహమాటం లేకుండా చెప్పాలి. "అయిదు వేల మంది వచ్చారు" అని ఫొటో చూపించలేం. ముప్పై మంది చూశారు, మళ్లీ ముప్పై మంది చూశారు అని చూపిస్తాం. మైదానం నిండాలి అనుకునే దాతకు ఇది నచ్చదు. ఆ దాతకు ప్రారంభోత్సవం రాత్రి బీచ్‌లో ఒక పెద్ద ప్రదర్శన ఇవ్వండి, ఆయన పేరు దానికి పెట్టండి. మిగతాది మనకు వదిలేయమనండి.

ఇప్పుడు మన కళల సంగతి. నాకు ఇక్కడ కోపం వస్తుంది, ముందే చెబుతున్నాను. తప్పెటగుళ్లు, తూర్పు భాగవతం, అరకు ధింసా. వీటిని మనం ఏం చేస్తాం? అతిథులు కార్లు దిగుతుంటే స్వాగతానికి నిలబెడతాం. పది నిమిషాలు గంతులేయించి, ఒక ఫొటో తీసుకుని, భోజనం కూపను చేతిలో పెట్టి పంపేస్తాం. తప్పెట రేకు గుండెకు కట్టుకుని, రెండు అరచేతులతో వాయిస్తూ, ఎగురుతూ, పాడుతూ కథ నడిపించే కళాకారుడు. ఒకే మనిషిలో వాద్యం, గానం, నృత్యం. ఇది ప్రయోగం కాక ఏమిటి? ఐరోపాలో శరీరంతో నాటకం అని శిక్షణాలయాలు పెట్టి నేర్పుతున్నారే, వాళ్లను తెచ్చి ఈయన పక్కన వారం రోజులు కూర్చోబెట్టండి. తూర్పు భాగవతంలో సత్యభామ రాత్రంతా ఆడుతుంది. ఆ రాత్రంతా ఇవ్వండి. ముసుగు తన్ని పడుకునేవాడు చాపమీదే పడుకుంటాడు, లేచినప్పుడు చూస్తాడు. ఎప్పుడూ అలాగే చూశాం కదా. పారితోషికం కూడా విదేశీ బృందానికీ, వీళ్లకూ ఒకే పట్టికలోంచి ఇవ్వండి. రెండు పట్టికలు పెట్టే ఉత్సవం దగ్గరికి నేను రాను.

పరిషత్తుల గురించి కూడా ఒక మాట. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. ఆ పోటీలు లేకపోతే తెలుగు నాటకం ఇన్నాళ్లు బతికేది కాదు. నేను కూడా వాటిలోనే పెరిగాను. కానీ పోటీలో ఒక లక్షణం ఉంది. బృందం వస్తుంది, ఆడుతుంది, సెట్టు విప్పుతుంది, రాత్రి రైలుకు వెళ్లిపోతుంది. పక్క బృందం ఏమి ఆడిందో చూడదు. చూస్తే మార్కులు గుర్తొస్తాయి. ఉత్సవంలో బహుమతులు వద్దు. దానికి బదులు ప్రతి బృందం కనీసం మూడు రోజులు ఉండాలి, ఇతరుల నాటకాలు చూడాలి అని ఒప్పందంలో రాయండి. గదుల ఖర్చు పెరుగుతుంది. పెరగనివ్వండి. అవసరమైతే రెండు బృందాలు తగ్గించుకోండి.

ఇక శాలువాలు. అయ్యా, నేను ఎవరినీ నొప్పించాలని అనడం లేదు. ఏడు గంటల నాటకానికి ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా సన్మానాలు. ముఖ్య అతిథి వచ్చేదాకా ప్రార్థన గీతం కూడా మొదలుకాదు. లోపల నటుడు మేకప్పు వేసుకుని చెమటలో నానుతుంటాడు. ఇలా అయితే రెండో నాటకానికి నడిచే ప్రేక్షకుడి గతి ఏమిటి? మొదటిది గంటన్నర ఆలస్యమైతే రెండోది చూడనే చూడడు. మొత్తం గొలుసు తెగిపోతుంది. అందుకే సన్మానాలన్నీ ఒక పూట. ఆఖరి రోజు మధ్యాహ్నం, భోజనంతో సహా, తీరిగ్గా, ఎంతమందికైనా. నాటకం వేదిక మీద మాత్రం శాలువా కనబడకూడదు, వేషంలో భాగమైతే తప్ప. ఏడు అంటే ఏడు. తలుపు మూశాక మేయరు గారు వచ్చినా తర్వాతి ప్రదర్శనకు రమ్మని నవ్వుతూ చెప్పే మనిషిని తలుపు దగ్గర పెట్టండి. ఆ మనిషిని ఎంచుకోవడమే మీ ఉత్సవంలో అన్నిటికంటే కష్టమైన నటుల ఎంపిక.

చివరగా ఆడవాళ్ల సంగతి. రాత్రి పదిన్నరకు నాటకం వదిలితే ఒంటరిగా వచ్చిన అమ్మాయి మురళీనగర్‌కో, మధురవాడకో ఎలా వెళ్తుంది? ఈ ప్రశ్నకు జవాబు లేని ఉత్సవంలో ప్రేక్షకులు సగమే. బస్సు ఆఖరి ట్రిప్పు ఆఖరి నాటకం వదిలిన ఇరవై నిమిషాలకు. ముందు కాదు. వన్‌టౌన్ చుట్టులో నడిచే దారి పొడవునా వీధిదీపాలు వెలుగుతున్నాయో లేదో ఉత్సవానికి నెల ముందు రాత్రిపూట నడిచి చూడాలి. మరుగుదొడ్లు ఎక్కడున్నాయో టికెట్టు వెనక అచ్చువేయాలి. నాటకం పేరు చిన్న అక్షరాల్లో ఉన్నా పర్వాలేదు.

దీపాలు చూసే ఆ రాత్రి నడకకు ఇప్పుడే పేర్లు ఇచ్చేవాళ్లు ఉంటే బల్ల దగ్గర పుస్తకం ఉంది. ఒక్కో జట్టులో ఒక విద్యార్థి, ఒక ఎలక్ట్రీషియను, వన్‌టౌన్‌లో పుట్టి పెరిగినవాళ్లు ఒకరు ఉండాలి. దీపం లేని మలుపు, కుక్కలున్న సందు, కూర్చోడానికి అరుగు, రాత్రి తెరిచి ఉండే టిఫిను బండి, అన్నీ మ్యాపు మీద గుర్తు పెట్టాలి. నాటకాల ఎంపిక సంఘం సమావేశం ఆ మ్యాపు వచ్చాకే. ఇక అడగండి. గాజువాక మాస్టారూ, ముందు మీరే.